చెయ్యి రాని చోట

రద్దు పత్రం టైపు చేసింది నేనే.
ఒక్క పేజీ. రెండు సంతకాలు, ఒక ముద్ర.
నాలుగు వందల ఏళ్ల కిందట ఈ ఐస్‌లాండ్ కొసన
బాస్క్ మనిషి కనబడితే చంపవచ్చునని
ఎవరో రాసిపెట్టిన ఆజ్ఞ
ఈ మధ్యాహ్నం నుంచి చెల్లదు.

చట్టం తన పని తాను చేసుకుపోతుందంటారు.
ఇది పోలేదు.
తిమింగిలాల వేటకొచ్చి ఓడలు పగిలినవాళ్ల మీద
ఒక్క శరత్కాలం పనిచేసి,
చేతులు కడుక్కుని
దస్త్రాల గదిలో పడుకుంది.
మళ్లీ దాన్ని లేపినవాడు లేడు,
పడుకున్నదాన్ని చంపినవాడూ లేడు.

సాయంత్రం స్టెయినున్ వంటింట్లో
గోట్సోన్ చేప సూపు తాగుతున్నాడు.
ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా కాడ్ తలలు కోస్తున్నవాడు,
గోళ్ల సందుల్లో ఇంకా పొలుసులు.
"అయితే నిన్నటిదాకా నన్ను చంపినా
నీకు శిక్ష లేదన్నమాట" అన్నాడు ఆమెతో.

మా ఆఫీసు వకీలైతే చెప్పేవాడు,
తర్వాతొచ్చిన చట్టాలు దాన్నెప్పుడో మింగేశాయని.
స్టెయినున్ గరిటె పక్కన పెట్టి
"నువ్వు అద్దె ఎగ్గొట్టిన నెలలు మూడు.
ఆ మూడు నెలలూ ఆ కాగితం సంగతి నాకు తెలుసు" అంది.
ముగ్గురం నవ్వాం.
"మరి చంపలేదేం?"
"చెయ్యి రాలేదు."

ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లిపోయి ఉంటే బాగుండేది.
చట్టం కన్నా ముందు పుట్టినదేదో
మనిషి చేతిలో ఉందని
డైరీలో రాసుకుని నిద్రపోయేదాన్ని.

కానీ ఆమె కిటికీ దగ్గరికెళ్లింది.
మావైపు తిరక్కుండానే
నాయనమ్మ సంగతి ఎత్తింది.

దిక్కులేని పిల్లల్ని ఆ రోజుల్లో వేలం వేసేవారు.
ఎక్కువకు కాదు, తక్కువకు.
ఎవరు తక్కువ సొమ్ముకి మేపుతామంటే వాళ్లకి.
ఊరి డబ్బు మిగలాలి కదా.
అదీ చట్టమే, అందరూ వింటుండగా చదివిన చట్టం.
ఉన్నూర్ అనే ఏడేళ్ల పిల్లని
నాయనమ్మ పాడుకుంది,
అందరికన్నా తక్కువకి.
గొర్రెల కొట్టంలో పక్క వేసింది.
రెండో చలికాలం దాటేసరికి
పక్క ఉంది, పిల్ల లేదు.
"చెడ్డది కాదు మా నాయనమ్మ.
గంజి కొలిచి పోసేదట, అంతే.
కొలవడానికి చెయ్యి వచ్చింది.
ఆ చెయ్యే నాకు జడలు వేసింది."

సూపు చల్లారిపోయింది.

రేవుకవతల నీళ్లలో ఒక రాయి ఉంది.
పోటులో కనబడదు, పాటులోనూ కనబడదు.
మూడు పటాల్లో మూడు చోట్ల గీశారు దాన్ని,
మరీ పాతదాంట్లో అసలు గీయలేదు.
ఆ పటాన్ని నమ్మి వెళ్లిన పడవ
రాయినైతే తప్పించుకోలేదు.
తప్పు అనేది అలాంటిదేనేమో అన్నాను నేను.
గీసినా గీయకున్నా అక్కడే ఉంటుంది.
దిద్దుకోవాల్సింది పటాన్ని.

గోట్సోన్ ఒప్పుకోలేదు.
"రాయి తగిలితే పడవ మునుగుతుంది.
మీ నాయనమ్మ మునిగిందా?"

"తొంభై ఒకటి దాకా బతికింది" అంది స్టెయినున్.
"నిద్రలోనే పోయింది.
చివరి రోజుల్లో మాత్రం
గిన్నెలో రెండు చెంచాల గంజి వదిలేసేది.
ఎవరికని అడిగితే చెప్పేది కాదు.
మతిమరుపు అనుకున్నాం."

ఎవరమూ మాట్లాడలేదు కాసేపు.
బయట ఎవరిదో ట్రాక్టరు
ఎంతకీ స్టార్టవక మొరాయిస్తోంది.

రాయి ఉందో లేదో నేను తేల్చలేను,
అంత లోతుకి దిగినదాన్ని కాను.
రేపు నా బల్ల మీద పదకొండు కాగితాలున్నాయి,
అన్నీ చెల్లే కాగితాలే.
ఒక్కొక్కటే టైపు చేస్తాను.
చెయ్యి ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయిన చోట
వెనక్కొచ్చి
ఇంకోసారి చదువుతాను.